ఎవరి బరువు ఎవరిది?

1939లో అమెరికాలో 'ఆల్కహాలిక్స్ అనానిమస్' అనే పుస్తకం వచ్చింది. తాగుడు మానడానికి ఒకరికొకరు తోడుగా నిలబడిన ఓ చిన్న బృందం, నాలుగేళ్ళ అనుభవంతో రాసుకున్న పుస్తకం. ఆ బృందంలో దాదాపు అందరూ మగవాళ్ళే. పుస్తకంలో ఎనిమిదో అధ్యాయం మాత్రం భార్యల కోసం. తాగుబోతుల భార్యలే కూర్చుని తోటి భార్యలతో మాట్లాడుతున్నట్టు, 'మేము' అంటూ ఆడగొంతుతో నడుస్తుంది. కోపం తెచ్చుకోవద్దంటుంది, సణగొద్దంటుంది, ఓపిక పట్టమంటుంది. అయితే అది రాసింది ఏ భార్యా కాదు, బృందం స్థాపకుల్లో ఒకడైన బిల్ విల్సన్. ఆయన భార్య లోయిస్ తాను రాస్తానని ఆశపడింది. పుస్తకమంతా ఒకే శైలిలో ఉండాలని ఆయన ఒప్పుకోలేదు. ఆ సంగతి ఆమెను బాగా నొప్పించింది. 2001లో వచ్చిన నాలుగో కూర్పులో కూడా ఆ అధ్యాయం ఉంది.

మగవాడు ఆడగొంతుతో రాయడం మనకి కొత్తేమీ కాదు. శతాబ్దాల తరబడి మన విరహాలు, మన పాతివ్రత్యాలు అలా రాయబడ్డవే. కానీ ఇది కావ్యం కాదు. కష్టంలో ఉన్న ఆడవాళ్ళు నిజంగా చదివి పాటించాల్సిన పుస్తకం. అందులోని 'మేము' ఎవరిదన్న ప్రశ్న, తర్వాత ఎనభై ఏళ్ళకి పైగా 'రికవరీ' పేరుతో సాగిన ఒక పెద్ద సంప్రదాయాన్ని చదవడానికి తాళంచెవి లాంటిదని నాకనిపిస్తుంది. ఆ సంప్రదాయంలో ఆడవాళ్ళకి ఎక్కువగా అంటుకున్న పేరు 'కోడిపెండెన్సీ'. దాన్నుంచి బయటపడే దారిగా చెప్పేవి రెండు: సహవాసం, ఆధ్యాత్మిక ఎదుగుదల. ఈ రెండిటిలో మనం తీసుకోవాల్సిందేమిటి, వదలాల్సిందేమిటి అన్నదే ఈ వ్యాసం.

లోయిస్ కథ కొంచెం చెప్పాలి. భర్త తాగుతూ ఉద్యోగాలు పోగొట్టుకున్న ఏళ్ళలో డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో పనిచేసి ఇల్లు నడిపింది ఆమె. ఆయన్ని మాన్పించడమే తన జీవిత ధ్యేయం అనుకుంది. చివరికి ఆయన మానేశాడు, కానీ ఆమె వల్ల కాదు. తోటి తాగుబోతుల సాయంతో. ఓ రోజు మీటింగుకి టైమైంది, త్వరగా రమ్మని ఆయన అంటే, మీ మీటింగులూ మీరూ అంటూ లోయిస్ చేతిలో ఉన్న బూటు ఆయన మీదకి విసిరింది. ఆ కోపం ఆమెకే ఆశ్చర్యమైంది. ఇన్నేళ్ళూ కోరుకున్నది జరిగింది కదా, మరెందుకీ కోపం? తనకి మిగిలిన పనేమిటో, అసలు తనెవరో తెలియడం లేదని ఆ ప్రశ్నలోంచి ఆమెకి అర్థమైంది. మొగుళ్ళు మీటింగులో ఉంటే బయట ఎదురుచూసే ఆడవాళ్ళతో మాట కలిసింది. 1951 నాటికి అలాంటి కుటుంబ బృందాలు 80కి పైగా ఏర్పడ్డాయి. వాటిని కలుపుతూ లోయిస్, ఆమె స్నేహితురాలు ఆన్ కలిసి అల్-అనాన్ మొదలుపెట్టారు.

ఇక్కడిదాకా ఇది ఆడవాళ్ళు తమ గొంతు తాము వెతుక్కున్న కథ. చిక్కు ఆ తర్వాత వస్తుంది. అల్-అనాన్ తనకంటూ కొత్త మెట్లు రాసుకోలేదు. మగవాళ్ళ పన్నెండు మెట్లనే తీసుకుని, చివరి మెట్టులో ఒక్క మాట మాత్రం మార్చింది. 'తాగుబోతులకి' అని ఉన్నచోట 'ఇతరులకి' అని. మిగతాదంతా యథాతథం. మద్యం ముందు మేము అశక్తులమని ఒప్పుకోవడం, మనకంటే పెద్దదైన శక్తికి జీవితాన్ని అప్పగించడం, తప్పుల పట్టిక రాసుకోవడం, వాటిని మరొకరి ముందు ఒప్పుకోవడం, లోపాలు తొలగించమని వినయంగా వేడుకోవడం. ఈ వరస చాలావరకు ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ బృందం నుంచి వచ్చింది. అహంకారమే మనిషి రోగమనీ, అది కరిగితేనే మనిషి బాగుపడతాడనీ దాని నమ్మకం.

అహం ఎవరికి ఎక్కువ? 1960లో వాలెరీ సేవింగ్ అనే పరిశోధకురాలు క్రైస్తవ ధర్మశాస్త్రాన్ని సరిగ్గా ఈ ప్రశ్నే అడిగింది. పాపమంటే గర్వమని మగ పండితులు తమ అనుభవం నుంచి తేల్చి, దాన్ని మనుషులందరి అనుభవంగా రాసేశారంది. ఆడవాళ్ళకి ఎదురయ్యే ప్రమాదం వేరు. తనని తాను మరీ పెంచుకోవడం కాదు, తాను అనేదే మిగలకుండా అందరిలోకి చెదిరిపోవడం. అలా చెదిరిపోయిన మనిషికి 'ఇంకా తగ్గు' అని చెబితే అది మందెలా అవుతుంది? స్త్రీవాద ధర్మశాస్త్రానికి తొలి అడుగుగా చెప్పుకునే ఆ వ్యాసం తాగుడు గురించి రాసింది కాదు. అయినా లోయిస్ విసిరిన బూటుకి ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం నాకు దొరకలేదు. ఆ బూటు గర్వం కాదు. ఎన్నో ఏళ్ళ తర్వాత లోపలి నుంచి లేచిన మనిషి.

1970లలో మిన్నెసోటా రాష్ట్రంలోని చికిత్సా కేంద్రాల్లో 'కోడిపెండెంట్' అనే మాట పుట్టింది. మొదట తాగేవాడి భార్యకే ఆ పేరు. 1985లో రాబిన్ నార్‌వుడ్ అతిగా ప్రేమించే ఆడవాళ్ళ గురించి రాసిన పుస్తకం, 1986లో మెలొడీ బీటీ రాసిన 'కోడిపెండెంట్ నో మోర్' లక్షల కొద్దీ అమ్ముడుపోయాక, ఆ మాట ఇంటింటికీ వెళ్ళింది. అదే 1986లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో 'కోడిపెండెంట్స్ అనానిమస్' మొదలైంది. ఇక్కడ తాగుడుతో పనే లేదు. ఇతరుల ముందు మేము అశక్తులమని ఒప్పుకోవడమే మొదటి మెట్టు. ఆ ఏడాదే టిమెన్ సెర్మాక్ అనే మానసిక వైద్యుడు దీన్నొక వ్యక్తిత్వ రుగ్మతగా వైద్య గ్రంథాల్లో చేర్చాలని ప్రతిపాదించాడు. చేర్చలేదు. 2013లో వచ్చిన అమెరికన్ మానసిక వైద్యుల ఐదో వర్గీకరణలోనూ అది లేదు. శాస్త్రం ఒప్పుకోని ఆ జబ్బుని లక్షలాది ఆడవాళ్ళు తమదని ఒప్పుకున్నారు. ఎందుకు?

ఆ లక్షణాల జాబితా చూస్తే జవాబు దొరుకుతుంది. ఎదుటివాళ్ళ మూడ్‌ని బట్టి తన రోజుని నిర్ణయించుకోవడం. అడగకుండానే వాళ్ళ అవసరాలు కనిపెట్టడం. వాళ్ళ తప్పులు కప్పిపుచ్చడం. కాదని చెప్పలేకపోవడం. తనకేం కావాలో తనకే తెలియకపోవడం. అక్కడ జబ్బు లక్షణాలుగా రాసినవన్నీ మన దగ్గర పెళ్ళిచూపుల్లో చెప్పుకునే సుగుణాలు. అందుకే ఆ మాటకి సరైన తెలుగు దొరకదు. 'సహ ఆధారితత్వం' అని నిఘంటువు కోసం రాసుకోవచ్చు గానీ ఎవరూ పలకరు. మన దగ్గర దానికున్న మాటలు ఓర్పు, సర్దుకుపోవడం, ఇల్లాలితనం. దానికి మన పురాణాలిచ్చిన బొమ్మ సుమతి. కుష్టురోగి అయిన మొగుడు వేశ్యని కోరితే అతన్ని భుజాన మోసుకుంటూ రాత్రివేళ బయల్దేరిన పతివ్రత. సూర్యోదయాన్ని ఆపగలిగిన శక్తి ఆమెది. కానీ ఆ శక్తి అంతా అతని ప్రాణం కోసమే. తనకోసం ఒక్క పూటయినా వాడుకున్నట్టు కథలో లేదు.

కాబట్టి స్త్రీవాదుల మొదటి అభ్యంతరం న్యాయమైందే. జో-ఆన్ క్రెస్టన్, క్లాడియా బెప్కో 1990లోనే దాన్ని బలంగా చెప్పారు. ఆడపిల్లకి చిన్నప్పటి నుంచీ నేర్పించిన పనినే పెద్దయ్యాక రోగమంటున్నారని. 1995లో మార్గరీట్ బాబ్‌కాక్, క్రిస్టీన్ మెకే సంపాదకత్వంలో ఇలాంటి విమర్శలతో ఒక సంకలనమే వచ్చింది. సేవ చేస్తే రోగి, చేయకపోతే చెడ్డ భార్య. తాగేవాడికి ఒక జబ్బు, భరించేదానికి ఇంకో జబ్బు. ఇద్దరూ రోగులైపోయాక, ఎవరి చేతిలో జీతముంది, ఎవరి పేరు మీద ఇల్లుంది, ఎవరి చెయ్యి ఎవరి మీద లేస్తోంది అనేవి పక్కకి పోతాయి. దెబ్బలు తింటున్న మనిషి చేతికి కాగితమిచ్చి, ఇందులో నీ లోపాలేమిటో రాసుకో అనడం ఎంత ప్రమాదమో గృహహింస కేసులు చూసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆమెకి ముందు కావాల్సింది తలుపున్న గది, 2005 చట్టం కింద రక్షణ ఉత్తర్వు. మెట్లు తర్వాత.

ఇంతవరకూ విమర్శ సులువే. ఇంతటితో ఆగితే అసలు సంగతి తప్పిపోతుంది. ఎందుకంటే ఆడవాళ్ళు ఆ గదులకి మెట్ల కోసమే వెళ్ళలేదు.

కొన్నేళ్ళ క్రితం మన దేశంలోనే ఒక నగరంలో, ఇలాంటి సమావేశం ఒకటి బయటివాళ్ళనీ రానిస్తే వెళ్ళి కూర్చున్నాను. అక్కడ విన్నది అక్కడే వదిలిపెట్టాలన్నది వాళ్ళ నియమం కాబట్టి ఎవరి మాటా ఇక్కడ రాయను. గది సంగతి మాత్రం రాస్తాను. ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. ఫీజు లేదు, కౌన్సిలర్ లేదు, వేదిక లేదు. ఈ వారం నడిపిన మనిషి వచ్చే వారం నడపదు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఇంకొకరు మాట్లాడకూడదు. అయిపోయాక కూడా సలహా ఇవ్వకూడదు. ఓదార్చకూడదు. తన వంతు వచ్చినప్పుడు తన గురించే చెప్పుకోవాలి. మొదటి పది నిమిషాలు ఇదేం నిర్దయ అనిపించింది. ఏడుస్తున్న మనిషి భుజం మీద చెయ్యేసేవాళ్ళు లేరేమిటని. తర్వాత అర్థమైంది. 'కాస్త సర్దుకోవాలమ్మా' అనే మాట వినపడని గదిలో నేను అంతకుముందెప్పుడూ కూర్చోలేదు. పుట్టింట్లో, అత్తింట్లో, గుళ్ళో, స్టాఫ్ రూములో, చివరికి మన సంఘాల ఆఫీసుల్లో కూడా, ఆడమనిషి నోరు విప్పగానే ఒక పరిష్కారం ఎదురొచ్చి ఆ నోరు మూయిస్తుంది. ఇక్కడ వాక్యం చివరిదాకా వెళ్ళింది.

ఈ రూపానికి మనకి తెలిసిన బంధువు ఒకటుంది. 1960ల చివర్లో అమెరికాలో స్త్రీవాదులు నడిపిన చైతన్య బృందాలు. అక్కడా గుండ్రంగా కూర్చుని ఒక్కొక్కరూ తమ అనుభవమే చెప్పారు. తేడా తర్వాతి అడుగులో ఉంది. అక్కడ, నా కథే నీ కథ కూడా అయితే ఇది మన స్వభావం కాదు, వ్యవస్థ అనే చోటికి చేరారు. రికవరీ గదిలో, నా కథే నీ కథ అయితే మనిద్దరిదీ ఒకే జబ్బు అన్నచోట ఆగుతుంది. బయటి విషయాల మీద సంస్థకి ఏ అభిప్రాయమూ ఉండకూడదన్నది వాళ్ళ పదో సంప్రదాయం. ఆ నియమం వల్లే అన్ని పార్టీల, అన్ని మతాల మనుషులూ ఒక గదిలో కూర్చోగలుగుతున్నారన్నది నిజం. ఆ నియమం వల్లే మద్యం ఎవరు కాస్తున్నారు, ఎవరు అమ్ముతున్నారు అనే ప్రశ్న ఆ గదిలోకి రాదన్నదీ అంతే నిజం.

ఇక ఆధ్యాత్మికత. 'అర్థమైనట్టుగా దేవుడు' అనే వెసులుబాటు ఆ మెట్లలో ఉంది గానీ ఆ దేవుణ్ణి సూచించే సర్వనామం పుంలింగమే. దీన్ని లోపలి నుంచి మార్చాలని చూసిన ఆడవాళ్ళున్నారు. 1970ల నడుమ జీన్ కర్క్‌పాట్రిక్ తాగుడు నుంచి బయటపడే స్త్రీలకి వేరే సంస్థ పెట్టింది. అశక్తత చెప్పే మెట్ల స్థానంలో శక్తిని చెప్పే పదమూడు వాక్యాలు పెట్టుకుంది. 1992లో షార్లట్ కాసల్ పదహారు మెట్లు ప్రతిపాదించింది. అందులో ఆడవాళ్ళ కోపానికీ, సామాజిక అన్యాయానికీ చోటిచ్చింది.

మన సంగతి ఇంకొంచెం వేరు. తెలుగు ఆడవాళ్ళకి భక్తి కొరత లేదు. నోములు, వ్రతాలు, మొక్కులు, శనివారాలు, ఉపవాస ప్రార్థనలు, రోజాలు. కానీ వాటిలో మన పేరు మీద మొక్కుకున్నవెన్ని? మొగుడి ఆయుష్షు, కొడుకు ఉద్యోగం, అల్లుడి బుద్ధి. దేవుడి దగ్గర కూడా మనం వాళ్ళ తరఫు వకీళ్ళమే. అందుకని ఆధ్యాత్మిక ఎదుగుదల అంటే నేను ఇలా అర్థం చేసుకుంటాను: ఇంకొకరి తరఫున కాకుండా తన తరఫున తాను నిలబడటం. అవతలివాడి తాగుడుకి కారణం తాను కాదని, ఆపడం తన చేతిలో లేదని, నయం చేయడం తన ధర్మం కాదని ఆ గదుల్లో నేర్పే పాఠం ఇందులో మొదటి సగం. మన భాషలో ఇంత ధైర్యమైన మాట ఏ ప్రవచనంలోనూ వినలేదు. సుమతితో, అతన్ని దించు, నువ్వు పాపివి కావు అని చెప్పడమది.

ఈ ఎదుగుదలని మన సాహిత్యంలో సహవాసంగా చూపించిన పుస్తకం ఓల్గా 'విముక్త'. 2010లో వచ్చిన ఈ కథలకి 2015 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పితృస్వామ్యాన్ని ఎదిరించిన పురాణ స్త్రీల కథలుగా వీటి మీద చాలా చర్చ జరిగింది. నేను ఇక్కడ వీటి రూపం వైపు చూడమంటాను. 'సమాగమం'లో శూర్పణఖ, 'మృణ్మయనాదం'లో అహల్య, 'సైకత కుంభం'లో రేణుక, 'విముక్త'లో ఊర్మిళ. ప్రతి కథలోనూ సీతకి ఒక స్త్రీ తారసపడుతుంది. వాళ్ళలో ఎవరూ ప్రధానంగా ఆమెకి ధర్మం బోధించరు. తమకేం జరిగిందో, దాన్నుంచి తామెలా లేచారో చెప్తారు. అవమానం తర్వాత తోట పెంచుకోవడం, ఇసుకతో పాత్ర చేయడం, పద్నాలుగేళ్ళు తలుపు వేసుకుని తనలోకి తాను చూసుకోవడం. సీత వెంటనే ఒప్పుకోదు. ఆ మాటలు ఆమె వెంట నడుస్తాయి. ఎన్నో ఏళ్ళకి, తన వంతు వచ్చినప్పుడు పనికొస్తాయి. అశ్వమేధానికి రాముడి పక్కన ఎవరు కూర్చుంటారన్న ఆందోళనలో ఉన్న సీతకి, ఆ ప్రశ్న ఆమె మోయాల్సింది కాదని ఊర్మిళ గుర్తు చేస్తుంది. నిర్లిప్తత అని రికవరీ భాషలో అనేది ఇదే. తేడా ఒక్కటే. ఊర్మిళ ముందు కోపంతో మొదలై, అధికారం ఎలా పనిచేస్తుందో ఆలోచించి అక్కడికి చేరింది. ఓల్గా దగ్గర విముక్తికి దారి తగ్గడంలో లేదు, తెలుసుకోవడంలో ఉంది.

రెండో సగం మాత్రం పుస్తకాల్లో కంటే మన ఊళ్ళలోనే స్పష్టంగా కనబడుతుంది. తాగుబోతుల భార్యలు ఒకచోట కూర్చున్న కథ ఇక్కడా ఉంది కదా. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా కేంద్రాలకి వచ్చిన ఆడవాళ్ళు, వాచకంలోని 'సీతమ్మ కథ' చదువుతూ తమ ఇళ్ళ గురించి మాట్లాడుకున్నారు. 1992లో దూబగుంటలో సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు అలా మనకి తెలిసింది. ఊరూరూ లేచింది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు.

వాళ్ళు చేసిందేమిటో జాగ్రత్తగా చూడాలి. మొగుడి చెయ్యి పట్టుకుని ఆపడం ఏ ఒక్క ఆడమనిషి వల్లా కాదని వాళ్ళకీ తెలుసు. ఏళ్ళ తరబడి ప్రయత్నించి ఓడినవాళ్ళే. ఆ రకంగా అల్-అనాన్ మొదటి మెట్టు దూబగుంట ఆడవాళ్ళదీ. కానీ నా వల్ల కాదు అన్నదగ్గర వాళ్ళు ఆగలేదు. మన వల్ల అవుతుందా అని అడిగారు. మొగుణ్ణి వదిలి దుకాణం పట్టుకున్నారు. దుకాణం నుంచి వేలంపాటకి, వేలంపాట నుంచి ప్రభుత్వ ఖజానాకి వెళ్ళారు. బరువు తన భుజం మీద నుంచి దించడమే కాదు, అది ఎవరిదో వాళ్ళ గుమ్మంలో పెట్టి వచ్చారు.

అలాగని దూబగుంటనే అన్నిటికీ జవాబుగా చూపిస్తే అదీ సగం నిజమే. ఉద్యమం తగ్గాక నెల్లూరు ఆడవాళ్ళ కలయిక చాలావరకు పొదుపు సంఘాల్లోకి మళ్ళింది. అక్కడ వాయిదాల గురించి మాట్లాడొచ్చు. రాత్రి ఇంట్లో ఏం జరిగిందో, దానికి తన లోపల ఏమైందో, ఎవరూ తీర్పు చెప్పకుండా వారం వారం వినే చోటు అక్కడ కట్టుకోలేదు. నిషేధం పోయింది, సీసా తిరిగి ఇంట్లోకి వచ్చింది. ఈసారి ఎవరింట్లో వాళ్ళు ఒంటరిగా దాన్ని ఎదుర్కొన్నారు. నేటికీ రెండు తెలుగు రాష్ట్రాల ఖజానాలకీ మద్యం పెద్ద ఆదాయమే. అల్-అనాన్‌కి గది ఉంది, వీధి లేదు. మనకి వీధి దొరికింది, గది నిలవలేదు.

ఈ రెండూ కలవడం అసాధ్యం కాదు. బెల్ హుక్స్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే రోజుల్లో నల్లజాతి విద్యార్థినులతో ఒక బృందం నడిపింది. టోనీ కేడ్ బంబారా నవల నుంచి దానికి పేరు తీసుకుంది. ఆ అనుభవంతో 1993లో 'సిస్టర్స్ ఆఫ్ ది యామ్' రాసింది. అందులో స్వస్థత, రాజకీయం రెండు వేర్వేరు పనులు కావు. నల్లజాతి స్త్రీ అందరి బరువూ మోసే 'బలమైన మనిషి' ఎందుకైందో జాత్యహంకార చరిత్ర చెప్తుంది. ఆ బరువు దించుకోవడం ఎలాగో తోటి స్త్రీలు చెప్తారు. మొదటిది తెలియకపోతే తనని తాను నిందించుకుంటుంది. రెండోది దొరక్కపోతే అన్నీ తెలిసి కూడా అలిసిపోతుంది. అలా అలిసిపోయిన కార్యకర్తలు మన సంఘాల్లో ఎంతమంది లేరు? ఊరందరి కష్టం విని, ఇంటికెళ్ళి తన కష్టం ఎవరికీ చెప్పుకోలేని వాళ్ళు?

అందుకని నా ప్రతిపాదన చిన్నది. 'కోడిపెండెంట్' అనే ముద్ర మనకొద్దు. తగ్గి ఉండమనే మెట్లు అసలే వద్దు, అవి మనకి కొత్త కూడా కాదు. కానీ సలహా ఇవ్వని ఆ గది కావాలి. మన రచయిత్రుల సమావేశాల్లో, కాలేజీల్లోని మహిళా విభాగాల్లో, సంఘాల ఆఫీసుల్లో నెలకో పూట పరిష్కారాలు పక్కనపెట్టి కూర్చోగలమా? ఎవరి కష్టానికీ తీర్మానం రాయకుండా వినగలమా? విన్న తర్వాత, ఇది నా బరువా, అతనిదా, సర్కారుదా అని కలిసి విడదీసుకోగలమా? ఈ మూడో ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడే ఆ గదిలోంచి బయటికి తలుపు తెరుచుకుంటుంది.